చింతపండు పులుసులో కార్బురేటర్

మా రేకుల షెడ్డులో మిరపకాయ టిక్కీల వెనక ఒక అంబాసిడర్ కారు పన్నెండేళ్ళు నిలబడి ఉండేది. టిక్కీ అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాం. ఆ కారుని మేం మళ్ళీ నడిపించాం. ఎలా చెయ్యాలో చెప్పింది మా ఆయన, చేసింది నేను. నా చదువు అయిదో తరగతి దాకానే, అదీ పూర్తి కాలేదు. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. అయినా ఈ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆ కారు మా ఆయన కిరాయికి తిప్పింది. మీగడ రంగు. బెల్లంకొండ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళు అందులోనే అత్తగారిళ్ళకు వెళ్ళారు. నొప్పులు పడే వాళ్ళని సత్తెనపల్లి ఆస్పత్రికి తీసుకుపోయిందీ అదే. తర్వాత ఆటోలు, వ్యాన్లు వచ్చాయి. కారు కావాలని ఇంటికొచ్చి అడిగేవాళ్ళు తగ్గి తగ్గి ఆగిపోయారు. మా ఆయన దాన్ని షెడ్డులో పెట్టి, నాలుగు చక్రాల కింద ఇటుకలు వేసి, గోతాం పట్టాలు కప్పాడు. మొదటి ఏడాది టిక్కీలు దాని పక్కన పెట్టారు. రెండో ఏడాది బానెట్ మీద పెట్టారు. ఆ తర్వాత అక్కడ కారు ఉందన్న సంగతే కనపడకుండా పోయింది.

ఈలోపు మా ఆయనకి షుగరు వచ్చి చూపు పోయింది. మనిషి నీడ తెలుస్తుంది, ముఖం తెలియదు. వసారాలో మంచం మీద పడుకుని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ ఉంటాడు. ఈ బస్సు డ్రైవరు గేరు ఆలస్యంగా మారుస్తున్నాడు, ఆ ట్రాక్టరుకి బెల్టు వదులయింది అని నాకు చెబుతుంటాడు. అదే ఆయనకి కాలక్షేపం.

పోయిన ఏడాది కాయ ఎరుపెక్కుతున్న రోజుల్లో మా బావగారు వచ్చారు. ఆయన మా ఆయనకి అన్న. షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. పంట బాగా ఉంది, టిక్కీలకి చోటు చాలదు, కారుని ఇనప సామాన్ల వాడికి ఇచ్చేద్దామని నెమ్మదిగానే చెప్పారు. మా ఆయన ఆ పూట కంచంలో అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా లేచాడు.

నేను బావగారితో ఎదురుపడి మాట్లాడే మనిషిని కాదు. ఆరోజు మాత్రం వసారా స్తంభం పక్కన నిలబడి, కారుని మేం నడిపించుకుంటాం, కొంచెం గడువు ఇవ్వమని అడిగాను. ఆయన నవ్వలేదు గానీ నవ్వు ఆపుకున్నట్టు తెలిసింది.

"కల్లంలో కాయ ఎండి టిక్కీలు కుట్టే రోజు దాకా ఆగుతానమ్మా. అది దానంతట అది బయటికొస్తే మీదే. నలుగురు కలిసి తోసుకొచ్చి ఇంటిముందు పెడితే మాత్రం ఒప్పుకోను. ఇంకో పన్నెండేళ్ళు అక్కడ ఎండబెడతారు మీరు."

అందులో న్యాయం ఉంది. నేను సరేనన్నాను.

మొదటి రోజు పట్టాలు తీస్తే లేచిన దుమ్ముకి నాకు సాయంత్రం దాకా తుమ్ములే. సీట్లలో, అద్దాల సందుల్లో, స్టీరింగ్ కింద అంతా మిరప గింజలు. ఎలుకలు సీటు చీల్చి పత్తి లాక్కుపోయాయి. చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాక మీగడ రంగు కొంచెం కనపడింది. మా ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు కుర్చీ వేశాను. ఆయన బానెట్ మీద అరచెయ్యి వేసి, ఎడమ పక్క సొట్ట దాకా పాకించాడు. నరసరావుపేటలో ఒక ఎద్దు పొడిచిన సొట్ట అది. అక్కడ చెయ్యి ఆపి, "ఇదే, మనదే" అన్నాడు, ఇంకొకరి కారు తెచ్చిపెట్టానేమో అన్నట్టు.

పనిముట్లు నాకు కొత్త కాదు. ఆయన ఇంట్లో రిపేరు చేసుకునే రోజుల్లో పానాలు అందించింది నేనే. ఎన్నో నంబరు అడుగుతాడో అడగకముందే తెలిసేది. డ్రైవింగు కూడా పెళ్ళయిన కొత్తలో పత్తి పీకేసిన చేలో నేర్పాడు. రోడ్డెక్కలేదు గానీ క్లచ్చు, గేరు తెలుసు.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఆయన చెప్పినట్టు నాలుగు ప్లగ్గులు విప్పి, ఆ బొక్కల్లో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోశాను. వారం రోజులు అలాగే వదిలేయమన్నాడు. రోజూ పొద్దున్నే ముందు నుంచి ఇంజను తిప్పే హ్యాండిల్ పెట్టి చూసేదాన్ని. కదిలేది కాదు. బలం పెట్టొద్దు, పాలు పిండినట్టు మెత్తగా అడుగు అనేవాడు. తొమ్మిదో రోజు పొద్దున హ్యాండిల్ నా చేతిలో పావు చుట్టు తిరిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన కుర్చీలోంచి, "తిరిగింది గదా" అన్నాడు. లోపల నూనె చప్పుడు ఆయనకి వినపడిందట.

ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే పాయింట్లకి గరుకు కాగితం పట్టించి, మధ్య ఎంత సందు ఉండాలో శుభలేఖతో కొలిచాం. ఇది ఆయన పాత అలవాటు. పెళ్ళి కార్డు ఆ సందులో జారీ జారనట్టు దూరాలి. ఇంట్లో ఉన్న కార్డులు ఇప్పటి వాళ్ళవి, అట్టల్లా మందంగా ఉన్నాయి. పాత ట్రంకు పెట్టెలో మా ఆడపడుచు పెళ్ళి కార్డు దొరికితే దాన్ని కత్తిరించాను. బ్రేకుల పని మాత్రం మా చేతుల్లోది కాదు. సత్తెనపల్లి నుంచి మా ఆయన పాత స్నేహితుడు, మెకానిక్ భాయ్ వచ్చి రెండు రోజులు కూర్చుని రబ్బర్లన్నీ మార్చి, టైర్లకి గాలి కొట్టి, కింద ఇటుకలు తీసి వెళ్ళాడు. బ్యాటరీ బావగారి ట్రాక్టరుదే. అడగ్గానే ఇచ్చారు.

రేడియేటరు నేను నా పద్ధతిలో చేశాను. దానికి పైనా కిందా ఇత్తడి. ఇత్తడికి ఏం కావాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిలో చింతపండు పిసికి, పులుసు పోసి, ఒక పగలంతా ఉంచి కడిగితే లోపలి చిలుమంతా ఎర్రమట్టిలా కారింది. నీళ్ళు ధారగా దిగాయి. మా ఆయన ఆ ధార కింద చెయ్యి పెట్టి, ముప్పై ఏళ్ళు బండి తోలినా ఈ సంగతి తట్టలేదని ఒప్పుకున్నాడు.

ఆ మాటకి నేను పొంగిపోయాను. కార్బురేటరు విప్పితే లోపల పెట్రోలు ఎండి బంకలా పట్టి ఉంది. ఆయన కిరసనాయిలుతో కడగమన్నాడు. నేను ఆయన్ని అడక్కుండా దాన్ని కూడా పులుసు గిన్నెలో పడేసి, పొద్దుటికి మెరిపించి చూపిద్దామనుకున్నాను. తెల్లారి తీసి చూస్తే లోపలి చిన్న ఇత్తడి ముక్కలు బంగారంలా ఉన్నాయి. పైది మాత్రం ఇత్తడి కాదు, ఏదో తెల్ల లోహం. నల్లగా మాడిన మూకుడులా అయింది. గోరుతో గీస్తే పొడి రాలింది.

కిరసనాయిలుతో రుద్దాను, బ్రష్షుతో రుద్దాను. నలుపు పోలేదు. ఆయనకి కనపడదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది. బిగించేటప్పుడు ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని తడిమాడు.

"ఏందే, గరుగ్గా ఉంది?"

"పాతదయ్యా. అట్టనే ఉంటది."

ఆయన దాన్ని ముఖం దగ్గరికి తీసుకుని, మళ్ళీ నా చేతిలో పెట్టాడు. ఇంకేమీ అడగలేదు.

టిక్కీలు కుట్టే రోజు రానే వచ్చింది. షెడ్డు ముందు కల్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది. తొక్కడానికి, కుట్టడానికి కూలివాళ్ళు వచ్చారు. ఇనప సామాన్ల వాడు ట్రాలీ ఆటో వేసుకొచ్చి గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. బావగారు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డారు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, మా ఆయన పక్కన కూర్చున్నాడు. తాళం తిప్పాను.

అందుకుంది. పన్నెండేళ్ళ తర్వాత ఆ చప్పుడు వినేసరికి నా ఒళ్ళు జల్లుమంది. నాలుగు అంకెలు లెక్కపెట్టే లోపల ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అందుకుంది, మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. కూలివాళ్ళలో ఒకామె, బండికి ఎక్కిళ్ళు వచ్చినయ్, నీళ్ళు తాగించండి అంది. అందరూ నవ్వారు.

బావగారు కిటికీ దగ్గరికి వచ్చారు. "చాల్లేమ్మా. చేసినకాడికి చేశావు. ఎవరూ ఏమనరు."

ఆ మంచి మాట నేను తట్టుకోలేకపోయాను. కారు దిగి అందరి ముందూ చెప్పేశాను.

"తప్పు నాది బావగారూ. కార్బురేటర్ని చింతపండు పులుసులో నానేశా. నల్లగా మాడిపోయింది. ఆయనకి చెప్పకుండా బిగించా."

కారులోంచి మా ఆయన గొంతు వినపడింది.

"నాకు తెలుసులే."

"ఎట్టా తెలుసు?"

"కళ్ళు పోయినయ్ గానీ ముక్కు యాడికీ పోలేదుగా. పప్పుచారు వాసన కొట్టింది."

"తెలిసి అడగలేదేందయ్యా?"

"నువ్వే చెప్తావని చూశా. చానా రోజులు పట్టింది." ఆయన తలుపు తీసుకుని దిగాడు. "అది పాడైతే అసలు అందుకోదే. అందుకుని ఆగిపోతందంటే ఇంకేదో ఉంది. నన్ను వెనక్కి తీసుకుపో."

చెయ్యి పట్టుకుని కారు వెనక్కి తీసుకుపోయాను. ఆయన గొంతుక్కూర్చుని సైలెన్సరు గొట్టం ముందు అరచెయ్యి పెట్టి, ఇప్పుడు తిప్పమన్నాడు. నేను వెళ్ళి తిప్పాను. నాలుగు అంకెలు, ఆగింది. ఆయన చెయ్యి అలాగే పెట్టుకుని ఉన్నాడు.

"గాలే రావట్లా. ఊపిరి బిగబట్టుకోని చస్తంది. గొట్టం మూసుకుపోయింది, విప్పు."

ఎండ రేకుల అంచు దాటేదాకా ఆగమని బావగారినీ, బీడీ ఆయన్నీ బతిమాలి, చీర దోపుకుని కారు కిందికి దూరాను. బోల్టులు తుప్పు పట్టి ముఖం మీద పొడి రాల్చాయి. గంట పట్టింది. సైలెన్సరు బయటికి తీసి నిలువునా ఎత్తి తాటిస్తే ముందు పత్తి వచ్చింది. తర్వాత తొడిమలు, తర్వాత తాలుకాయలు. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. ఎలుకలు పన్నెండేళ్ళుగా దాచుకున్న కాపు అంతా అందులోనే ఉంది. బకెట్ నిండింది. కూలివాళ్ళు పని ఆపి వచ్చి చూశారు. తన పొలంలో తనకి తెలియకుండా ఇంకొకళ్ళు కూడా కోత కోస్తున్నారని బావగారు అన్నారు.

అడుగున అంటుకున్నది ఎంత తాటించినా రాలేదు. అదే బిగించేశాను. మేమిద్దరం ఎక్కాం. తాళం తిప్పాను. అందుకుంది. నాలుగు లెక్కపెట్టాను, పది లెక్కపెట్టాను. ఆగలేదు. ఆయన తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు.

అప్పుడు మొదలైంది. సైలెన్సరు వేడెక్కి లోపల మిగిలిన కాయ కాలింది. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇది దానికి వందరెట్లు. మూడు పక్కలా మూసిన షెడ్డులో కోరు, అంటే ఆ మిరప ఘాటు, కమ్మింది. అందరికంటే ముందు బావగారు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తారు. ఆయన వెనక కూలివాళ్ళు. దగ్గులు, తుమ్ములు. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఎదుట తలుపు వెలుగు ఒక్కటే మసగ్గా తెలుస్తోంది.

"ఏం కనపడట్లేదయ్యా."

"నాకు రోజూ ఇంతేగా." ఆయన కూడా దగ్గుతూనే ఉన్నాడు. "వెలుగు కనపడతందా? అదే దారి. ఫస్టు గేరెయ్యి. క్లచ్చు నిదానంగా వదులు. ఆపొద్దు."

స్టీరింగు పక్క కడ్డీ లాగి గేరు వేశాను. కారు ఒక్కసారి ఉలిక్కిపడి కదిలింది. నేను వెలుగు వైపు పట్టాను, ఆయన చప్పుడు విని ఇంకొంచెం తొక్కు, ఇంకొంచెం అని చెబుతున్నాడు. గుమ్మం దాటగానే ఒంటి మీద ఎండ పడింది. ఎదురుగా ఎర్రగా ఏదో ఉంది. అది కాయ రాశి అని తెలిసి బ్రేకు మీద నిలబడ్డాను. భాయ్ చేసిన బ్రేకులు కదా, పట్టుకున్నాయి. ముందు చక్రం రాశికి జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగలేదు.

బావగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు.

"షెడ్డు ఖాళీ చెయ్యమన్నా గానీ, ఊరు ఖాళీ చెయ్యమన్లేదమ్మా."

తర్వాత గేటు వైపు చెయ్యి ఊపి ట్రాలీ ఆటోని పొమ్మన్నారు. సాయంత్రానికి షెడ్డు నిండా టిక్కీలు సర్దేశారు.

కారు ఇప్పుడు వసారా పక్కన ఉంటుంది. చోటు చాలక మంచం రెండు మూరలు జరిపాం. కార్బురేటరు ఆ నల్లదే. భాయ్ వేరేది వెతికి తెస్తానన్నాడు గానీ, నడిచేదాన్ని ఎందుకు మార్చాలని మా ఆయన వద్దన్నాడు. ఏ పొద్దునైనా అది సరిగ్గా అందుకోకపోతే, ఉప్పు తక్కువైందేమో చూడవే అంటాడు. నేనూ ఊరుకోను, వాసన చూసి నువ్వే చెప్పయ్యా అంటాను.

కాగితాలు రెన్యువల్ చేయించాలి. అప్పటిదాకా చేల మధ్య డొంకదారిలోనే తిప్పుతున్నాను. లైసెన్సు పరీక్షకి రోడ్డు బోర్డుల బొమ్మలున్న పుస్తకం తెప్పించుకున్నాను. వసారాలో కూర్చుని ఒక్కో బొమ్మ ఎలా ఉందో ఆయనకి చెబుతాను. ఎర్ర గుండ్రం, మధ్యలో అడ్డంగా తెల్ల పట్టీ అంటే, అటు పోకూడదని ఆయన చెబుతాడు. ఇప్పటికి ముప్పై నేర్చుకున్నాను. ఆ పరీక్ష నేను నెగ్గుతాను.