ఆచూకీ తెలియదని రాశాను

ఒక్క మాట చాలా ఏళ్ళుగా నాలోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. నిన్న ఓబులమ్మ చనిపోతే మట్టికి పోయి, అందరి వెనక నిలబడి వచ్చాను. వినవలసిన మనిషి లేకపోయాక మీకు చెబుతున్నాను. ఇందులో ఉన్న పిరికితనం నాకు కనిపిస్తూనే ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్ళలో నేను జమ్మలమడుగులో ఉండేవాణ్ణి. కోర్టు నోటీసులు ఊరూరా అందించే బంట్రోతు పని. ఒకసారి జిల్లా కోర్టు నుంచి ఒక నోటీసు వచ్చింది. ప్రొద్దుటూరులో పిల్లలు లేని దంపతులు రెండేళ్ళుగా ఒక చిన్నపిల్లను పెంచుతున్నారు. తల్లి వదిలేసి పోయిందనీ, దత్తతకు అనుమతి కావాలనీ అడిగారు. తల్లికి అభ్యంతరం ఉంటే కోర్టుకు వచ్చి చెప్పుకోవాలి. ఆ తల్లి ఓబులమ్మ. గొర్రెలు మేపుకునే మనిషి.

నేను ఆమె ఊరికి పోయాను. గుడిసెలో ఎవరూ లేరు. కుండలు బోర్లించి, పైన రాళ్ళు పెట్టి ఉన్నాయి. మందతో పోయినవాళ్ళు తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటేనే అలా పెట్టిపోతారు. అది నాకు తెలుసు. పైగా పక్క గుడిసెలోని సుంకమ్మవ్వ, ఓబులమ్మకు వరసకు పెద్దమ్మ, అంతా వివరంగా చెప్పింది. ఓబులమ్మ పులివెందుల దగ్గర ఉంది. వాన పడితే వస్తుంది. కరువులో కడుపు నిండుతుందని బిడ్డను ప్రొద్దుటూరులో ఉంచింది.

నోటీసు ఓబులమ్మ గుడిసె గుంజకు అంటించాను. ‘ఆచూకీ తెలియదు’ అని రాసి ప్రమాణం చేశాను.

బద్ధకమా? కాదు. అవ్వ చెప్పిన ఊరు పేరు ఒక్క పంక్తిలో రాస్తే, అక్కడి బంట్రోతు పోయి అందించేవాడు. అంతకు ముందు వారమే ఆ దంపతులకు కోర్టు కాగితం ఇవ్వడానికి ప్రొద్దుటూరు పోయి ఆ పిల్లను చూశాను. తలకు నూనె రాసుకొని, ఒళ్ళో పలక పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. ఈ పిల్ల మళ్ళీ గొర్రెల వెంట పోవాలా అనుకున్నాను. న్యాయమూర్తి చేయవలసిన ఆలోచన నేను చేశాను, ఆయనకు ఆ అవసరమే లేకుండా చేశాను.

అనుమతి వచ్చింది. తరువాత వానలూ వచ్చాయి. ఓబులమ్మ ఆ కాగితాన్ని కొంగున ముడేసుకొని కోర్టు వరండాలోకి వచ్చింది.

“ఈ కాగితం అంటిచ్చింది నువ్వేనా అప్పా?”

“నేనేనమ్మా.”

“మా పెద్దమ్మ పక్కనే ఉంటాది గదా. నేను పులివెందుల కాడ ఉండానని చెప్పలేదా నీకు?”

ఆ అనుమతి మీద అప్పీలు చేసుకోవడానికి ఇంకా గడువు ఉంది. నిజం చెప్పి, ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయి ఉంటే ఆమె మాట ఎవరైనా వినేవారు. కానీ నా ప్రమాణం అబద్ధమని తేలేది.

“చెప్పలేదు” అన్నాను.

ఆమె చేతిలోని కాగితాన్ని మడిచింది.

“ఊర్లో వాళ్ళ సంగతులన్నీ దానికే కావాల. పొద్దస్తమానం వాగుతాంటాది. నా బిడ్డ కాడికొచ్చేసరికి నోరు పడిపోయిందా ముసల్దానికి?”

ఏడవలేదు. కాగితం మళ్ళీ కొంగున ముడేసుకొని పోయింది.

ఆ తరువాత ఓబులమ్మ అవ్వతో మాట్లాడలేదు. తాను చెప్పానని అవ్వ ఇంటింటికీ పోయి చెప్పుకుందట. రాసి ఉన్న కాగితం ముందు ఆమె మాట ఎవరు నమ్ముతారు? అవ్వ చనిపోయిన రోజు ఓబులమ్మ గుడిసె దాటి బయటికి రాలేదని విన్నాను.

ఆ పిల్ల బాగానే పెరిగింది. చదువుకుంది. చాలా ఏళ్ళు ఆమెనే నా తరఫు సాక్ష్యంగా నిలబెట్టుకున్నాను. రాత్రి చదివే పుస్తకాల్లో కూడా నాకు అనుకూలమైన వాక్యాలే వెతుక్కున్నాను. కానీ పిల్ల బాగుపడడానికి అవ్వను అబద్ధాలకోరును చేయవలసిన అవసరం ఏముంది? అది నా కోసం చేసుకున్నదే. నిన్న ప్రొద్దుటూరు నుంచి ఎవరూ రాలేదు. రావలసి ఉందని వాళ్ళకు ఎవరు చెప్పారు?

నన్ను క్షమించమని అడగడం లేదు. రాయవలసిన చోట రాయని పంక్తిని ఇక్కడ రాస్తున్నాను.

సుంకమ్మవ్వ నాకు చెప్పింది. ఊరు పేరుతో సహా చెప్పింది. నేను విన్నాను.