ఒక్క సీటు ఓడ

కాలు విరిగి ఇంట్లో పడ్డ ఆ నాలుగు నెలల్లో నేనొక అంతరిక్ష నౌక కట్టాను. నవ్వితే నవ్వండి. మైపాడు ఒడ్డున పడవ లాగుతుంటే జారి పడ్డాను, పడవ కాలి మీదికొచ్చింది. రోజూ మగవాళ్లు వేటకూ, ఆడవాళ్లు చేపల గంపలతో నెల్లూరు బస్సుకూ పోయాక మా వీధిలో మిగిలేది నేనూ కుక్కలూ. పెళ్లి చేసుకోలేదు గనక, ఇంట్లో మాట్లాడేది ఫోనొక్కటే.

ఆ ఫోన్లోనే ఎవరో ప్లాస్టిక్ చెత్తతో ఇలాంటి బొమ్మ నౌకలు చేస్తుంటే చూశాను. మొదటిది చేపల థర్మోకోల్ పెట్టె కోసి చేశాను. పడవంటే రంగు పడాల్సిందే కదా మాకు, పడవకు వేయగా మిగిలిన రంగు తెచ్చి పూశాను. రంగులోని థిన్నరుకు థర్మోకోల్ వానలో పెట్టిన బెల్లంగడ్డలా కళ్లముందే కరిగిపోయింది. అప్పుడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రెండోది షాంపూ సీసాతో చేశాను. వల తేలడానికి కట్టే బెండ్లు ఇంజన్లయ్యాయి. నేను మింగిన మాత్రల ఖాళీ అట్టలు గోడలకు పలకలయ్యాయి. లోపల పేస్టు మూత సీటు. బాగా కుదిరింది, కానీ చూపించడానికి మనిషి లేడు. చాలా బాధేసింది.

ఒక మధ్యాహ్నం మా అన్న వచ్చాడు. పడవ ఆయనదే, అందులో ఇంజను చూసుకునేది నేను. మళ్లీ ఎప్పుడు రమ్మంటాడా అని రోజూ ఎదురుచూస్తున్నాను. ఆయన కూర్చోకుండానే ఓడను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ఎంతమంది పోతారురా దీంట్లో?”

“ఒక్కడే అన్నా.”

“ఒక్కడు పోయేది ఏం పడవరా? నడిమధ్యన ఇంజను ఆగిపోతే వాడికి దిక్కెవురు?”

సిగ్గేసింది. ముప్పై ఏళ్లు నలుగురం కలిసి తప్ప సముద్రం మీదికి పోని వాణ్ణి, ఆ సంగతే తట్టలేదు.

అన్న ఓడను కింద పెట్టి, నా కాలి వంక చూస్తూ అన్నాడు. “నీ చోట్లో చిన్నాయన అల్లుణ్ణి పెట్టినాను. ఇంక వాడే వస్తాడు. నీ కాలు పడవలో నిలబడేది కాదురా.”

“సరే అన్నా” అన్నాను. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆయన పోయాక సీసాను మళ్లీ కోసి తెరిచాను. మందు సీసాల మూతలు మూడు వెతికి అంటించాను. ముందుది అన్నకు, నడుమ రెండూ మిగతావాళ్లకు. వెనక, ఇంజను పక్కది నాది. అందులో ఎవరినీ కూర్చోనివ్వను.