అర శ్రుతి పైన

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ టేపుల మావయ్యే. బస్టాండు వెనక సందులో, చెప్పుల కొట్టుకీ కళ్ళద్దాల కొట్టుకీ మధ్య ఇరుక్కుపోయిన క్యాసెట్ల దుకాణం ఆయనది. ముందు గదిలో వ్యాపారం, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక రంగు వెలిసిన తెర.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆయన బతికింది కొత్త క్యాసెట్లు అమ్మి కాదు. జనం తమకు నచ్చిన పాటలు చీటీ మీద రాసుకొస్తే, వాటిని ఏరి ఖాళీ క్యాసెట్టు మీదికి ఎక్కించి ఇచ్చేవాడు. ఆ పాటలు పాడినవాళ్ళకి అందులో చిల్లిగవ్వ కూడా చేరేది కాదు. అదేం న్యాయమని ఎవరైనా అడిగితే నవ్వేవాడు. గాలిలో తిరిగే పాటకి గుమ్మం ఎవరు కట్టారంటూ ఎదురు ప్రశ్న వేసేవాడు. తన ముంగిట్లోకి వచ్చేదాకా ఎవరికీ వాన తడి తెలియదు, ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

అక్క కూతురు పాడటం మొదలుపెట్టాక తెలిసింది. ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఈ దుకాణంలోనే ఎత్తుపీట మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ, మావయ్య ఎక్కించే ప్రతి పాటకీ గొంతు కలిపేది. పెద్దదయ్యాక తన పాటలు తనే కట్టుకుంది. ఫ్లూటు మాస్టారినీ, డ్రమ్ములు వాయించే ఆయన్నీ కూడగట్టుకుని, ఒక చిన్న కంపెనీ చేత మొదటి క్యాసెట్టు వేయించుకుంది. ఆ రోజే మావయ్య వెనక గదిలో ఉన్న కాపీ మిషను మీద పాత దుప్పటి కప్పేశాడు. ఇక ఈ చేత్తో ఎవరి పాటా ఎక్కించనని భార్య ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆవిడ సరేనంది. ఒట్టు ఆయనది కదా, తనది కాదనుకున్నట్టుంది.

కంపెనీ ఏజెంటు ఒకే ఒక షరతు పెట్టాడు. మావయ్య దుకాణంలో దించిన అట్టపెట్టెల్లోని క్యాసెట్లు ఈ ఊళ్ళో చెల్లిపోతేనే రెండోది వేస్తారు. చెల్లకపోతే ఇంతటితో సరి. పిచ్చుక రెండో దానికి పాటలన్నీ కట్టి సిద్ధంగా పెట్టుకుంది. ఫ్లూటు మాస్టారు బడిలో సంగీతం చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టేశాడు. అందరి ఆశా ఆ అట్టపెట్టెల మీదే ఉంది.

పెట్టెలు కదల్లేదు. విచిత్రమేమిటంటే, పాట మాత్రం ఊరంతా తిరుగుతోంది. టీ కొట్టులో అదే, ఆటోల్లో అదే, మంగలి షాపులో గడ్డం గీసే చెయ్యి కూడా అదే తాళానికి ఆడుతోంది. కొన్నవాడు కనబడడు, పాడుకోనివాడు కనబడడు. మావయ్య రోజూ దుకాణం తెరవగానే ముందు ఆ పెట్టెలే లెక్కపెట్టుకునేవాడు. శుక్రవారం పొద్దున ఏజెంటు లెక్క చూడటానికి వస్తున్నాడు. పిచ్చుక వచ్చి ఆ కబురు చెప్పి, మెల్లగా అడిగింది.

"మావయ్యా, ఎవరో కాపీలు తీస్తున్నారు. నువ్వు వింటే పట్టేస్తావుగా?"

పట్టేస్తాడు. అది ఉత్త డంబం కాదు. ఏ క్యాసెట్టు ఏ మిషను మీద ఎక్కిందో విని చెప్పగల చెవి ఆయనది. మిషన్లకి కూడా మనుషుల్లాగే గొంతులుంటాయి. ఒకదాని కింద గుర్రుమనే రొద ఉంటుంది, ఇంకొకటి పాట మొదట్లో టక్కుమంటుంది. వాడెవడైనా సరే, వాడి గుమ్మం దాకా వెళ్ళి ఏజెంటు చేతికి పట్టిస్తానని మాటిచ్చాడు. పిచ్చుక మొహంలోకి కాస్త రక్తం వచ్చింది.

శుక్రవారం తెల్లవారగానే బస్టాండుకి వెళ్ళి, నేల మీద పట్టా పరుచుకుని అమ్మేవాడి దగ్గర ఒకటి కొన్నాడు. అట్ట మీద పిచ్చుక బొమ్మ మసకమసకగా, మొహం అలుక్కుపోయినట్టు ఉంది. వాడు పక్కనున్న టేపు రికార్డరులో వేసి వినిపించాడు. మొదటి వరస విన్నాడు, రెండోది విన్నాడు.

పాట అర శ్రుతి పైన ఉంది.

పిచ్చుక పాడిన దానికంటే కాస్త హెచ్చుగా, కాస్త తొందరగా పోతోంది. మామూలు చెవికి తేడా తెలియదు, పైగా హుషారుగా అనిపిస్తుంది. మావయ్యకి మాత్రం ఆ తేడా తన దగ్గు తనకి తెలిసినట్టు తెలుసు. వెనక గదిలో దుప్పటి కింద ఉన్న మిషను బెల్టు సాగిపోయి ఏళ్ళయింది. ఎక్కించేటప్పుడు టేపు నెమ్మదిగా కదులుతుంది, అందుకే బయట వేసినప్పుడు పాట పరిగెడుతుంది. బెల్టు మార్చాలి మార్చాలి అంటూనే రోజులు నెట్టుకొచ్చాడు. పట్టా మీదివాడు తన మిషను మీద ఎన్ని తీసినా, వాడికి దొరికిన మొదటి కాపీ మాత్రం టేపుల మావయ్య ఇంట్లోంచే వచ్చింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. తెర తీసి, దుప్పటి ఎత్తి చూశాడు. మిషను మీద దుమ్ము లేదు, మీటల మీద వేళ్ళు ఆడిన మెరుపు ఉంది. భార్య నీళ్ళ కోసం పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వచ్చేలోగా అడగాల్సిన మాట కూడదీసుకుంటుంటే, ముందు గదిలోంచి ఏజెంటు గొంతు వినబడింది.

ఏజెంటుతో పాటు పిచ్చుకా, ఫ్లూటు మాస్టారూ వచ్చారు. ఏజెంటు కూర్చోలేదు. అమ్ముడుపోని పెట్టెల మీద చేత్తో తట్టి, క్యాసెట్టు బజారులోకి రాకముందే కాపీలు దిగాయనీ, అప్పటికి నమూనాలు ఎవరి దగ్గర ఉన్నాయనీ అడిగాడు. రెండే ఉన్నాయి. ఒకటి మావయ్యకి, రెండోది ఫ్లూటు మాస్టారికి. ఏజెంటు చూపు మాస్టారి మీద ఆగింది. అది తన బావమరిదికి వినిపించడానికే తీసుకెళ్ళానని, రెండు రోజుల్లో తెచ్చేశానని మాస్టారు తడబడుతూ చెప్పాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది పాపం ఆయన వాలకం. చెప్పేకొద్దీ ఇంకా ఇరుక్కున్నాడు.

మాస్టారే కాపీలు ఇచ్చాడని తేలితే కంపెనీ మెట్లు ఇక ఎక్కనివ్వరని ఏజెంటు తేల్చేశాడు. ఆయన బడి ఉద్యోగం కూడా ఎలా పోతుందో అన్యాపదేశంగా చెప్పాడు. పిచ్చుక అడ్డుపడింది. మావయ్య ఆ కాపీ వినే ఉంటాడనీ, ఇప్పుడే చెప్పేస్తాడనీ అంది. అందరూ ఆయన వైపు తిరిగారు.

మావయ్య నోరు తెరిస్తే కట్టుకున్నదాని పరువు పోతుంది. తెరవకపోతే తప్పు చెయ్యని మనిషి బతుకు పోతుంది. మాస్టారు ఫ్లూటు సంచీని చంకలోకి లాక్కున్నాడు. పిచ్చుక మాత్రం చిన్నప్పుడు ఎత్తుపీట మీద కూర్చుని చూసినట్టే, అంత నమ్మకంగానూ చూస్తోంది. ఆ చూపు ఆయన భరించలేకపోయాడు.

"ఆ మిషను..." అని మొదలుపెట్టాడు.

తెర పక్కకి తొలిగింది. బిందె చంకనే ఉంది, చీర చెంగు తడిసి ఉంది. కుళాయి దగ్గర్నుంచి వస్తూ అంతా విన్నట్టుంది అత్తయ్య. ఆవిడ మొహంలో భయం లేదు, ఇంత రభస ఎందుకన్న విసుగు మాత్రం ఉంది.

"ఆయన్నెందుకు నిలబెట్టి అడుగుతారు? తీసింది నేను. ఇన్నేళ్ళు ఆయన పక్కనే ఉన్నాను, ఆమాత్రం మీటలు నొక్కడం రాదా?"

ఆవిడే చెప్పుకుపోయింది. మన పిల్ల పాడిందట, ఏదీ వినిపించండని చుట్టాలూ పక్కాలూ అందరూ వచ్చారు. తోడికోడలు వచ్చింది, వియ్యపురాలు వచ్చింది, కుట్టుమిషను పిన్ని వచ్చింది. వచ్చినవాళ్ళకల్లా తలా ఒకటి ఎక్కించి ఇచ్చింది. పైసా పుచ్చుకోలేదు. సొంత మేనకోడలి పాటని సొంతవాళ్ళకే అమ్ముకుంటే నలుగురూ నోట్లో గడ్డి పెట్టరా అని ఆవిడ బాధ. వాళ్ళలో ఎవరి చేతిలోంచి బస్టాండుకి చేరిందో ఆవిడకి తెలియదు.

పిచ్చుక చాలాసేపు నేల వైపే చూసింది.

"మనవాళ్ళలో ఒక్కరైనా కొన్నారా అత్తయ్యా?"

అప్పుడు దిగింది అత్తయ్య మొహం. బిందె నెమ్మదిగా కింద పెట్టింది. మావయ్యకి ఆ క్షణంలో, తను చీటీల ప్రకారం ఎక్కించి ఇచ్చిన పాటలన్నీ గుర్తొచ్చాయి. వాటిని పాడినవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇలాగే ఎవరో ఒకరు నేల వైపు చూసి ఉంటారు. ఆయనకి సిగ్గేసింది.

మాస్టారి మీద మచ్చ పోయింది, అంతవరకే మేలు. ఏజెంటు పెద్దగా కోప్పడలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటూ పెట్టెలు ఆటోలోకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. రెండో క్యాసెట్టు మాట ఎత్తలేదు, ఎవరూ అడగలేదు. ఇక మిగిలింది ఆదివారం మైదానంలో ఒప్పుకున్న కచేరీ. అది బాగా రక్తి కడితే ఇంకో కంపెనీవాళ్ళయినా పిలుస్తారేమోనని పిచ్చుక ప్రాణాలు కూడగట్టుకుంది.

ఆదివారం మైదానం నిండిపోయింది. పిచ్చుక తన శ్రుతిలో పాట ఎత్తుకోగానే జనం హోరున గొంతు కలిపారు. అందరికీ పాట కంఠతా వచ్చు. కానీ వాళ్ళు నేర్చుకున్నది పట్టా మీది క్యాసెట్టులోంచి. అంత జనం అర శ్రుతి పైన, తొందరతొందరగా పాడుతుంటే ఫ్లూటు ఒక పక్కకీ పాట ఒక పక్కకీ పోయాయి. పిచ్చుక తన శ్రుతి వదలకుండా నిలబడాలని చూసింది. వీలుకాలేదు. చివరికి వాళ్ళ శ్రుతికే ఎక్కబోయింది. అసలు పాటలోనే పై స్థాయి ఆమె గొంతుకి అంచు. అక్కడ గొంతు జీరబోయి తెగింది. ముందు వరసలో ఎవరో నవ్వారు.

జనంలో నిలబడ్డ అత్తయ్య కూడా కళ్ళు మూసుకుని, చప్పట్లు కొడుతూ పాడుతోంది. మావయ్య ఆవిడ గొంతు విన్నాడు. అది కూడా అర శ్రుతి పైనే ఉంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళు తెరిచి వేదిక వైపు చూసింది, పాడటం మానేసింది.

పక్కనున్న ఆటో ఆయన పెదవి విరిచాడు. ఈ అమ్మాయి పర్లేదు కానీ, ఆ క్యాసెట్టులో పాడినావిడని పిలవాల్సిందని స్నేహితుడితో అంటున్నాడు.

అత్తయ్య భర్త భుజం దగ్గరికి వంగింది.

"ఏమండీ, అది మన పిల్లేనని చెప్పండి."

"నమ్మరే," అన్నాడు మావయ్య.