గంట కాగానే పడిపోయే ఎర్మెస్

ఎర్మెస్ బల్ద్రాతికి ఒకటే జబ్బు. ప్రతి ఆదివారం, ఆట మొదలైన గంటకి కాస్త అటూ ఇటూగా, ఎవరూ ముట్టుకోకపోయినా సరే, పెద్దమనుషుల గ్యాలరీ ఎదురుగా వచ్చి దబ్బున పడిపోయేవాడు. మా ఊళ్లో కొందరు వాణ్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లు.

పడేవాడంటే ఒళ్లు వంగని బాపతు అనుకునేరు. పదహారేళ్లు మా బోర్గోసెక్కో ఊరి ఫుట్‌బాల్ జట్టుకి నాలుగో నంబరు చొక్కా వేసుకుని, మైదానం మధ్యలో గాడిద చాకిరీ చేశాడు. అవతలివాడి కాళ్ల సందులోంచి బంతి లాక్కోవడం, పక్కవాడికి ఇచ్చేయడం, మళ్లీ పరిగెత్తడం. అంతే వాడి విద్య. పదహారేళ్లలో కొట్టిన గోల్సు నాలుగు, అందులో ఒకటి మా గోల్లోకే. అయినా వాడు లేకపోతే ఆ జట్టు ఎప్పుడో కింది డివిజనుకి జారిపోయేదని ఊరంతటికీ తెలుసు. పొగమంచు కమ్మేసి పక్క మనిషి కనపడని రోజుల్లో కూడా ఎర్మెస్ ఎక్కడున్నాడని అడగక్కర్లేదు, రొప్పు వినిపించేది. పై డివిజను క్లబ్బొకటి ముచ్చటపడి పిలిస్తే వెళ్లి, మూడోరోజుకల్లా సంచీ భుజాన వేసుకుని బస్సు దిగాడు.

"ఏంరా, ఏమైంది?" అన్నాను.

"అక్కడ మాలిష్ చేసేవాడి చేతులు మరీ చల్లగా ఉన్నాయి" అన్నాడు.

మా జట్టుకి మాలిష్ చేసేవాణ్ని నేనే, ఓరియానో అంటారు. సైకిలు పందేలవాళ్ల పిక్కలు పిసికి నేర్చుకున్న పని. ఆదివారం బకెట్టూ స్పాంజీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటాను. ఎవడైనా పడితే, రిఫరీ చెయ్యి ఊపగానే పరిగెత్తుతాను. ఆ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తొమ్మిదేళ్లుగా నాకు నమ్మకం లేదు. మా క్లబ్బు ప్రెసిడెంటు జోఫోలి గారిది పీచ్ పళ్ల ఫ్యాక్టరీ. తొమ్మిదేళ్ల కిందట ఆయన కూతురికి పెళ్లయింది. అల్లుడు ఏ పనిలో పెట్టినా వారం నిలవడు. అప్పట్నుంచీ ఆయన కళ్లు నా బెంచీ మీదే.

"తొంభై నిమిషాలు కూర్చోడానికి నువ్వే కావాలా ఓరియానో? బకెట్టు మా అల్లుడూ మొయ్యగలడు" అనేవారు. యాభై ఆరేళ్లవాణ్ని, నన్ను ఇంకెవడు పెట్టుకుంటాడు?

ఇంత బెంగలో ఉన్నవాణ్ని, నా ప్రాణానికి ఎర్మెస్ ఒకడు. మొదటి ఏడేళ్లూ నిక్షేపంగా నిలబడి ఆడినవాడు, ఆ తర్వాత ఈ పడే రోగం తెచ్చుకున్నాడు. నేను ఆయాసపడుతూ వెళ్లి మోకాళ్ల మీద కూలబడితే, గడ్డిలో మొహం పెట్టుకుని గొణిగేవాడు.

"ఇవాళ యోలె ఏం వండింది?"

యోలె నా భార్య. "ముందు నొప్పెక్కడో ఏడు" అనేవాణ్ని.

"నొప్పేం లేదు. ఏం వండింది?"

"కప్పెల్లెత్తీ." లోపల కూరు పెట్టి మడిచిన చిన్న చిన్న పిండి టోపీలవి.

"కోడి పులుసులోనా?"

"కోడి పులుసులోనే."

"అమ్మో" అని మైదానమంతా వినపడేలా మూలిగేవాడు. గ్యాలరీలో ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఒళ్లు మండి బకెట్టెడు నీళ్లూ మెడ మీద కుమ్మరిస్తే, లేచి లేడిలా పరిగెత్తేవాడు. ఓరియానో చెయ్యి పడితే చాలని జనం చప్పట్లు కొట్టేవాళ్లు. రిఫరీలకి కూడా అలవాటైపోయింది. ఒకాయన గంట దాటాక నా దగ్గరికొచ్చి, "మీవాడు పడిపోయాడా, ఇంకా పడాలా?" అని మర్యాదగా అడిగాడు.

"ఒరేయ్, నా మోకాళ్లు అరిగిపోతున్నాయిరా. ఒక్క ఆదివారం నిలబడి ఆడరాదూ?" అని బతిమాలాను కూడా.

"పడకపోతే నాకు అన్నం సహించదు" అన్నాడు.

మార్చిలో నాకు జ్వరం తగిలింది. ఆ ఆదివారం అల్లుడు బకెట్టు పట్టుకుని నా బెంచీ మీద కూర్చున్నాడు. మా ఇల్లు మైదానం వెనకే. నేను మంచం మీదే ఉండి యోలెని కిటికీ దగ్గర నిలబెట్టాను.

"పడ్డాడా?"

"లేదు."

"ఇప్పుడు?"

"నిలబడే ఉన్నాడయ్యా. కాస్త కుంటుతున్నాడు గానీ నిలబడే ఉన్నాడు."

తొంభై నిమిషాలూ పడలేదు. సోమవారం ప్రెసిడెంటు గారు పీచ్ పళ్ల డబ్బా పట్టుకుని పరామర్శకి వచ్చారు. "చూశావా ఓరియానో, నువ్వు లేకపోయేసరికి వాడు పడనే లేదు. వాడి జబ్బు నువ్వేనన్నమాట. జూన్ నుంచి మా అల్లుడే కూర్చుంటాడు" అన్నారు.

ఆయన గడప దాటగానే జ్వరంతోనే ఎర్మెస్ ఇంటికి వెళ్లాను, నాలుగు దులుపుదామని. వాడు తొట్టెలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. చీలమండ రొట్టెముద్దలా పొంగి, వంకాయ రంగులో ఉంది.

"ఇరవయ్యో నిమిషంలో అవతలివాడొకడు తన్నాడు" అన్నాడు.

"నిజంగా దెబ్బ తగిలితే పడలేదేంరా, పిచ్చివాడా?"

"పడితే అల్లుడొస్తాడు, స్పాంజి అద్దుతాడు. ప్రెసిడెంటు చూసి, ఇది వీడూ చెయ్యగలడే అనుకుంటాడు. మామూలప్పుడైతే నువ్వొస్తావు. ఆయన కళ్లెదురుగా నన్ను లేపి నిలబెడతావు."

నేను ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. తొమ్మిదేళ్లు వాణ్ని తిట్టాను, మెడ మీద చన్నీళ్లు పోశాను. వాడు పడింది నా కోసం. ప్రెసిడెంటు అన్న మాట చెప్పాను.

"అయితే నేనే చెడగొట్టానన్నమాట" అని తొట్టెలోంచి కాలు పైకి తీశాడు. "ఈ ఆదివారం నేను ఆడలేను. సరే, చూద్దాంలే."

ఆదివారం వాడు కాలికి కట్టుతో గ్యాలరీలో, సరిగ్గా ప్రెసిడెంటు పక్కన కూర్చున్నాడు. గంట అయింది. ముందు మా గోల్‌కీపరు పడిపోయాడు, బంతి అవతలి కొసనుంది. నేను బకెట్టు తీసుకుని పరిగెత్తాను. వాణ్ని లేపేలోగా వెనక వరసలో ఆడేవాళ్లిద్దరు పడ్డారు. తర్వాత కెప్టెన్. ఒక్కొక్కడూ గడ్డిలో మొహం పెట్టుకుని, యోలె ఏం వండిందని అడుగుతున్నాడు. రిఫరీ ఈల జేబులో పెట్టేసుకుని, "ఈ ఊరి నీళ్లు ఎలాంటివండీ?" అన్నాడు. ఎనిమిదోవాడి దగ్గరికి వెళ్లేసరికి నాకు ఊపిరాడక, మైదానం నడిమధ్య నేనే చతికిలబడ్డాను.

పైన ఎర్మెస్ కమలాపండు ఒలుచుకుంటూ, "ఇంకా ముగ్గురున్నారు ప్రెసిడెంటు గారూ. ఈ పని మీ అల్లుడి వల్ల అవుతుందంటారా?" అన్నాడట.

ప్రెసిడెంటు గారు మెట్లు దిగి కంచె దాకా వచ్చారు. "ఓరియానో, వాళ్లని లేవమను. నువ్వెక్కడికీ పోవడం లేదు" అన్నారు. నేను చెప్పక్కర్లేకపోయింది. ఎనిమిదిమందీ ఒక్కసారే లేచి నిక్కర్లు దులుపుకున్నారు.

ఆ ఆట మూడు సున్నాతో ఓడిపోయాం. బోర్గోసెక్కో జట్టు అంత బాగా ఆడటం నేను మళ్లీ చూడలేదు.