దొర ద్రాక్షసారా, మా ఆయన ఒట్టు

"నోరు తెరు. ఏటి తాగినావు?"

"తాగనేదు. నోట్లో పోసుకుని ఉమ్మేసినాను."

"ఉమ్మేసినాదట. నా సేత కల్లు మానిపించి, నువ్వు దొర సారా తాగి ఇంటికొస్తన్నావు."

"అది దొర విందు కోసం మావా. ఏది ఎలాగుందో సూసి పెట్టమన్నాడు. వంటమనిషిని, రుచి సూడకుండా వడ్డిస్తానా?"

"సరేలే. రేపు సాయంత్రం నేనూ దుకాణానికెల్లి కల్లు ఎలాగుందో సూసొస్తాను."

మా ఆయన ఆ మాట నవ్వుతూ అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

అప్పుడు మేం బాగన్ దాతుక్ ఊరి దగ్గర తెల్లదొర కొబ్బరితోటలో ఉండేవాళ్ళం. నేను దొర బంగళాలో వంట చేసేదాన్ని. ఆయన కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పొయ్యి చూసేవాడు. అంతకు రెండేళ్ళ ముందు కల్లు తాగి ఆ పొయ్యి పక్కనే నిద్రపోయి, కుడిచెయ్యి మోచేతి దాకా కాల్చుకున్నాడు. కట్టు విప్పిన రోజునే రామమందిరానికి తీసుకెళ్ళి కర్పూరం వెలిగించినాను. అరచేత్తో ఆర్పి, ఇక ముట్టనని ఒట్టేసినాడు. రెండేళ్ళూ ఆ మాట మీద నిలబడినాడు. ఇప్పుడు నా నోటి వాసన పట్టుకుని ఒట్టు తెంచుకుంటానంటున్నాడు.

దొర యుద్ధంలో ఇటలీ దేశంలో ఉన్నాడట. అక్కడి కొండల్లో చేసే ఎర్ర ద్రాక్షసారా అంటే ఆయనకి ప్రాణం. పేరు బరోలో. ఓడ మీద చెక్కపెట్టెలో వచ్చేది. చల్లగా, చీకట్లో, సీసా పడుకోబెట్టి ఏళ్ళ తరబడి ఉంచాలట. ఉంచినకొద్దీ మంచిదవుతుందట. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోయే చోట పెరిగిన మాకు అది నమ్మే మాట కాదు. వాళ్ళ దేశంలో అయితే నేలమాళిగ తవ్వుకుంటారు. మా తోటలో రెండడుగులు తవ్వితే నీళ్ళు.

మొదటి పెట్టె దొర అలమారలో పెట్టుకున్నాడు. వేడికి మొత్తం పాడైంది. ఎవరి వస్తువైనా సరే, పాడవుతుంటే నేను చూస్తూ ఊరుకోలేను. స్నానాలగది వెనక ఇటుకల తొట్టి పక్కన ఎండ తగలని మూల ఉంది. అక్కడ ఇసక పోసి, తర్వాత వచ్చిన పెట్టెల్లోని సీసాలు పడుకోబెట్టినాను. తమలపాకులు దాచినట్టే పైన గోనెలు కప్పి, రోజూ రెండు పూటలా తడిపినాను. సారా నిలిచింది గానీ, ఆ తడికి సీసాల మీద ఏ ఏటిదో రాసిన కాగితాలు ఊడిపోయినాయి. ఒక వానాకాలం నీళ్ళు లోపలికొస్తే అన్నీ ఎత్తి, మళ్ళీ రెండు వరసలుగా సర్దినాను. ఏ వరస పాతదో, ఏది కొత్తదో గుర్తు పెట్టుకోలేదు. తప్పు నాదే.

మెర్డెకా, అంటే ఈ దేశానికి స్వతంత్రం, వచ్చేనెల అనగా దొర సొంత దేశానికి వెళ్ళిపోతూ తోటి దొరలకి విందు పెట్టుకున్నాడు. పాత వరసే పొయ్యాలన్నాడు. తను పనిమీద తెలుక్ ఆన్సన్ వెళ్తూ (ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారు) వరసకొక సీసా తెరిచి తేల్చమని నాకు చెప్పినాడు. వగరు నోటిని పట్టేస్తే కొత్తది, వగరు లొంగితే పాతది. నేను రెండో తరగతితో బడి మానినదాన్నే గానీ, వగరు సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆరోజు తెరిచిన సీసా పచ్చివక్కలా పళ్ళకి పట్టుకుంది. కొత్తది. తెరిస్తే నిలవదు కాబట్టి రెండో వరస మర్నాడు, విందు రోజు పొద్దున చూడాలి. ఆ వాసనే ఇంటికి మోసుకొచ్చినాను.

"పని మానెయ్," అన్నాడాయన.

"మానను."

"అయితే నేనూ ఆగను."

"నేను పనికోసం నోట్లో పోసుకున్నాను. నువ్వు దేనికోసం పోసుకుంటావు?"

"నువ్వు మింగనేదని ఎవులు సూసినారు?"

"రేపు నువ్వే వచ్చి సూడు. సూసినాక కూడా దుకాణానికెల్తానంటే, నేను అడ్డం రాను."

అనేసినాను. బతిమాలడం నాకు చేతకాదు. అన్నం పెట్టినాను, తిన్నాడు.

తెల్లారి కర్ఫ్యూ విడవగానే ఇద్దరం బయలుదేరినాం. అడవుల్లో కమ్యూనిస్టుల తిరుగుబాటు అణచడానికి దొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా నడుస్తూనే ఉంది. బంగళా చుట్టూ ముళ్ళకంచె. కాపలావాడు ఆయన నడుము తడిమి, సంచి దులిపి చూసి, లోపలికి వదిలినాడు.

రెండో వరసలో ఒక సీసా తీసి బిరడా లాగినాను. గ్లాసులో కొంచెం పోస్తే అంచున ఇటుక రంగు తిరిగింది. ఆయన నిలబడిన చోటి నుండే ముక్కు ఎగబీల్చినాడు.

"తారు వాసనొస్తందేటి?"

"ఎండిన రోజాపూల వాసన కూడా ఉంది," అన్నాను.

చెంచాడు నోట్లో పోసుకుని తిప్పినాను. వగరు వచ్చింది, నాలుక మీద నెమ్మదిగా అణిగింది. కొబ్బరిచిప్పలో ఉమ్మేసి ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించినాను.

"బాగుందా?"

"శానా బాగుంది. ఇదే పాతది."

"అంత బాగుంటే ఉమ్మేసినావేటి?"

"బాగుంటే మింగాలా?"

ఆయన చిప్పలోకి వంగి చూసినాడు. తర్వాత దాన్ని తనే తీసుకెళ్ళి కాలవలో పారబోసినాడు.

"సాయంత్రం నీకు విందు పని గదా. అన్నం ముందే వండి మూతపెట్టు. కొట్టం నుండి నేరుగా ఇంటికే వస్తాను," అని చెప్పి, పనిగంట కొట్టకముందే చేరాలని గబగబా నడిచి వెళ్ళిపోయినాడు.

నేను తెరిచిన సీసాని పల్చటి గుడ్డలో వడకట్టి, గాజు కూజాలో పోసినాను.