నిద్రపోతోందని చెప్పాను

స్కాన్ గదిలో నాకు కోపం ఎక్కువని కర్నూలులో పేరు పడిపోయింది. తల్లులను కదలొద్దని కసురుతాను. కడుపులో బిడ్డను మాత్రం కదులు బంగారూ, ఒక్కసారి కదులు అని బతిమాలుతాను.

కీళ్లు చూడటం నాకొక పిచ్చి. మొదట్లో బిడ్డ కాలు మొత్తం ఎముక కాబోయే మెత్తటి కడ్డీ ఒకటే. మోకాలు రావలసిన చోట గీత పడుతుంది, అది విడిపోయి సన్నటి సందవుతుంది. బిడ్డ తన్నుకుంటూ ముడుచుకుంటూ ఉంటేనే ఆ సందు నిలుస్తుంది, లేదంటే కీలు బిగుసుకుపోతుంది. ఏ వారానికి ఏ కీలు ఎంత వంగుతుందో నేను గీసుకున్న పటాలు బీరువా నిండా ఉన్నాయి. సొంతవాళ్లకు మనం స్కాన్ చేయకూడదని మా డాక్టర్లలో ఒక మాట ఉంది. చెల్లెలు ఐదో నెలలో వస్తే ఆ మాట నేను లెక్కచేయలేదు.

చెల్లెలిని కడప దగ్గర మగ్గం నేసేవాళ్లింటికిచ్చాం. వాళ్లత్త వెంట వచ్చింది. ఆ ముందు వారమే సూర్యగ్రహణం. కిటికీకి దుప్పటి కట్టి, చెల్లెల్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, విడిచేదాకా కాలూ చెయ్యీ ముడవనీయలేదట. ముడిస్తే బిడ్డ అవిటిదవుతుందని మా వైపు నమ్మకం. నేను ఫోన్లో చాదస్తమని తిట్టాను కూడా.

తెరమీద బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. చేతులు ఆడుతున్నాయి. కాళ్లు రెండూ కర్రల్లా చాపుకుని ఉన్నాయి. చెల్లెలికి చెరుకురసం తాగించి వరండాలో నాలుగుసార్లు తిప్పి మళ్లీ చూశాను. అవే కాళ్లు, అలాగే ఉన్నాయి.

"గ్రాణం పొద్దు కాలు గాని ముడిచినావా అంటే ఒట్టు పెట్టిందమ్మా నా కోడలు. అంతా బాగుండాదా?" అంది అత్త, తెరనే చూస్తూ.

ఉన్నది చెబితే ఆ ఇంట్లో చెల్లెలి బతుకేమవుతుందో నాకు తెలుసు. "బిడ్డ నిద్రపోతోంది. రెండు వారాలకు రండి" అన్నాను. చెల్లెలు నా ముఖంలోకి చూసి, "నిజమేనా అక్కా?" అంది. నిజమే అన్నాను. నిజంగా నిద్రే అయితే బాగుండునని నాకూ ఆశ ఉంది, దాన్నెందుకు దాచాలి?

వారం తిరక్కుండా అత్త ఫోను. "ఏందమ్మా ఇది, నూలు కండెలు చుట్టదు, పుల్ల తీసి పుల్ల పెట్టదు. దినమంతా చాప మీద కట్టెమాదిరి పండుకుంటాది. అడిగితే మాట్లాడదు." బిడ్డ కదలడం లేదా అని అడగకుండానే ఫోను పెట్టేశాను.

రెండో స్కానుకు అత్తను బయట కూర్చోమన్నాను. ఎడమ మోకాలు వంగింది, మళ్లీ చాపుకుంది. అమ్మయ్య అనుకున్నాను. కుడిది వంగలేదు. గంటసేపు చూశాను, అది వంగనే లేదు. పాదం కూడా లోపలికి తిరిగి ఉంది.

ఈసారి దాచలేదు. కుడి మోకాలు బిగుసుకున్నట్టుందని, ఇంకా పరీక్షలు చేయించాలని, పుట్టిన వారానికే కట్లు మొదలుపెడితే చాలామందికి మేలవుతుందని చెప్పాను. నువ్వు ఎలా పడుకున్నా దానికీ దీనికీ సంబంధం లేదు అన్నాను.

చెల్లెలు కడుపు మీది జిగురు తుడుచుకోలేదు. "కుడి కాలేనా?"

"ఊఁ."

"ఆ పొద్దు చీమ కుట్టింది అక్కా. తట్టుకోల్యాక ఒక్కసారి ముడిస్తి. కుడి కాలే. అత్తకు ఒట్టేసి అబద్ధం చెప్తి. ఈడికొచ్చినప్పుడు నీకన్నా చెప్దామనుకుంటి. నువ్వు నిద్రపోతాండాది అంటివి. బతికినా దేవుడా అనుకుంటి. మళ్లా తప్పు జరక్కూడదని, అప్పుట్నుంచి కాలు ముడవలేదు."

"పిచ్చిదానా, నీ కాలుకూ బిడ్డ కాలుకూ ఏం సంబంధం! ఆ కీలు నువ్వు పడుకోకముందే చెడి ఉంటుంది." బీరువా తెరిచి పటాలన్నీ దాని ముందు పోశాను. ఇది ఫలానా వారం, ఇది ఫలానా కీలు అని ఏడుస్తూ చూపించాను. చదువు చదివినదాన్ని, నా మాట నమ్మవే అన్నాను.

అది ఒక్క కాగితం కూడా ముట్టుకోలేదు.

"నిజమేనా అక్కా?"

"నిజమే. అమ్మ తోడు."

"పోయిన తూరి గూడా నిజమనే అంటివి గదక్కా" అంది. కుడి కాలు ముడవకుండా, మంచం పట్టుకుని మెల్లగా దిగింది.