పదకొండో మంచం

మా నాన్న కట్టిన పాట మా నాన్నది కాదని మా అమ్మ ఫోన్‌కి ఒక ఉత్తరం వచ్చింది. ప్రగతి నగర్‌లో మా అద్దె ఇంట్లో, బుధవారం పొద్దున, అమ్మ ఇడ్లీ పాత్ర తోముతుండగా వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయని నన్ను చదవమంది. మీరు పెట్టిన వీడియోలోని పాట మీద ఫలానా పాటల కంపెనీకి హక్కులున్నాయి, కాబట్టి వీడియో తీసేశాం, ఇది మీకు రెండో హెచ్చరిక, మూడోది వచ్చిందంటే మీ చానెల్ మొత్తం మూసేస్తాం. అదీ సంగతి.

"ఏ పాట?" అంది అమ్మ.

"నాన్న పాట."

"ఎవరే తీసేసింది?"

నాలాంటివాళ్లే ఎవరో. అలాంటి ఉత్తరాలు పంపడమే నా ఉద్యోగం మరి.

నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల భవనం, ఆరో అంతస్తు. మధ్యాహ్నం షిఫ్టు. మెట్రో దిగి, షేర్ ఆటోలో ముగ్గురు కూర్చోవలసిన చోట ఐదుగురం ఇరుక్కుని వెళ్లి, అక్కడ ఏసీలో శాలువా కప్పుకుని కూర్చుంటాను. అమ్మ చానెల్ ఉన్న సైటు వేరు, మేం పనిచేసి పెట్టే సైటు వేరు. పని మాత్రం ఒకటే. తెర మీద ఎడమవైపు ఫిర్యాదు, కుడివైపు వీడియో, కింద రెండు బటన్లు. ఒకటి తీసెయ్, ఇంకొకటి ఉంచు. తీసెయ్ నొక్కితే ఎవరూ ఏమీ అడగరు. ఉంచు నొక్కితే మాత్రం ఎందుకు ఉంచావో వివరంగా రాయాలి. ఒక్కో ఫిర్యాదుకి ఒక్క నిమిషం కూడా ఇవ్వరు. ఆ నిమిషంలో వీడియో చూడాలా, వివరణ రాయాలా? అందుకని అందరం తీసెయ్ నొక్కేవాళ్లం. నేనూ నొక్కాను. ఎవరి ఇంట్లో ఎవరు చేతులు తుడుచుకుంటూ ఆ ఉత్తరం చదువుకున్నారో నాకేం తెలుసు? సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి, అయినా చెప్తున్నాను.

అమ్మ ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. నాన్న పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక చానెల్ పెట్టింది. ప్రతి బుధవారం పొద్దున పదకొండింటికి ఫోన్‌ని పప్పుల డబ్బాకి ఆనించి, మంచం దిగలేనివాళ్ల కోసం లైవ్‌లో ప్రార్థన చేస్తుంది, పాటలు పాడుతుంది. చూసేవాళ్లు ఎంతమందని! ఒక చిన్న బస్సుకి సరిపోతారు. వాళ్లలో ఎవరికి పక్షవాతమో, ఎవరికి తుంటి విరిగిందో అన్నీ అమ్మకి తెలుసు. ఆ చానెల్లోనే నాన్న వీడియో కూడా ఉంది. డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాడతాడు, రెండో చరణంలో దగ్గొస్తే ఆగి, "ఆఁ, మళ్లీ" అని అందుకుంటాడు. ఎప్పుడో తీసిన వీడియోని అమ్మ ఈమధ్యే పెట్టింది. ఇప్పుడు తీసేసింది దాన్నే. మొదటి హెచ్చరిక అదే పాట అమ్మ స్వయంగా పాడినందుకు వచ్చిందట. లోన్ ఇస్తామనే మెసేజ్ అనుకుని చెరిపేసింది మహాతల్లి.

ఆ పాట సంగతి చెప్పాలి. పెళ్లికి ముందు నాన్నకి టైఫాయిడ్ వచ్చి, అమ్మ పనిచేసే ఆస్పత్రికి తెచ్చి పడేశారు. అమ్మ వార్డులో ఉన్నవి పది మంచాలు. పదీ నిండి ఉన్నాయి. ఖాళీ లేదు, వేరే ఊరు తీసుకుపొమ్మన్నారు డాక్టరుగారు. అమ్మ స్టోరులో తుప్పుపట్టి పడున్న ఇనప మంచాన్ని ఈడ్చుకొచ్చి వరండాలో వేసింది. ఆ మంచానికి నంబరు లేదు. కేసు షీటు మీద ఏదో ఒకటి రాయాలి కదా, పదకొండు అని రాసింది. పేరు అడగకముందే నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసిందట. నాన్న ఆ సంగతి జన్మలో మర్చిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత, బాచుపల్లిలో ఒక స్కూల్లో లెక్కల మాస్టారుగా ఉన్నప్పుడు, పాట కట్టాడు.

"పదకొండో మంచం చెంతకు వచ్చిన నా కాపరీ,
పేరడగక నా నుదురు తాకిన నా కాపరీ."

దేవుడి మీద కట్టాననేవాడు. అమ్మని అడిగితే, "ఆయనకి ఇద్దరి మీదా గురేలే" అని నవ్వేది.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతుంది. కొత్త పాట కట్టినవాళ్లు దాన్ని మొదటిసారి తాము పాడకూడదు. ఇంకొకరికి నేర్పి వాళ్లచేత పాడించాలి. జిరాక్స్ కాగితం కింద పేరు వేసుకోకూడదు. మహిమ దేవుడిది, పేరు మనకెందుకు అంటారు. నాన్న పాట అలాగే పేరు లేని కాగితం మీద ఇంటింటి ప్రార్థన కూటాలకీ తిరిగింది, ఆ కూటాల నుంచి వేరే ఊళ్లకి పోయింది. పోయి పోయి ఒక కంపెనీ చేతిలో పడింది. వాళ్లు దానికి వయొలిన్లూ తబలాలూ పెట్టి, పేరున్న గాయకుడిచేత పాడించి, కింద 'రచన: ప్రాచీనం, సర్వహక్కులు మావి' అని వేసుకున్నారు. విన్నాను. ఒక్క మాటా మార్చలేదు, పదకొండో మంచం పదకొండో మంచంలాగే ఉంది. అడిగేవాడు లేక అత్త సొత్తు అల్లుడు దానం చేశాడట. వీళ్లు దానం కూడా చెయ్యలేదు, తాళం వేసుకున్నారు!

ఒళ్లు మండి ఆ కంపెనీకి మెయిల్ రాశాను. మర్నాడే ఒకాయన ఫోన్ చేశాడు. గొంతు వెన్నలా ఉంది.

"మేడమ్, ఇంత చిన్న విషయానికి టెన్షన్ ఎందుకండీ? ఒక లెటర్ పంపిస్తాం. పాట మా కంపెనీదని, మా పర్మిషన్‌తో వాడుకుంటున్నారని అమ్మగారిచేత సంతకం పెట్టించండి. రెండు స్ట్రైకులూ, ఆ హెచ్చరికలండీ, తీసేయిస్తాం. హాయిగా పాడుకోవచ్చు."

"మా నాన్న పాట పాడుకోడానికి మీ పర్మిషనా?"

"ఆయనే రాశారని ప్రూఫ్ ఉందాండీ?"

మా దగ్గరున్నది పేరూ తేదీ లేని ఒక జిరాక్స్ కాగితం. అమ్మనడిగి చెప్తానని ఫోన్ పెట్టేశాను.

మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, మంచివాడే, భయస్తుడు. "అక్కా, పెద్దోళ్లతో మనకెందుకే? సంతకం పెట్టేసెయ్యి. నీ చానెల్ నీకుంటది, బావగారి వీడియో నీకుంటది. కాదంటే రెండూ పోతాయి. కోర్టుకి లాగితే ఎవరు తిరుగుతారు?" అన్నాడు. వీడియో నా లాప్‌టాప్‌లో దాచి పెట్టాను, అది పోదు అన్నాను. అమ్మ నావైపు చూసింది.

"దాచుకుని ఏం చేసుకోవాలి? ఆయన పాడింది నేనొక్కదాన్నే వినడానికా? మంచంలో ఉన్నవాళ్లకి వినిపించాలనే కదా కట్టాడు. సంతకం పెడితే నా మొగుడు దొంగ అయినట్టు. పెట్టను." అని లేచి మామయ్యకి టీ పెట్టడానికి వెళ్లింది.

సంతకం పెట్టకపోతే మిగిలింది ఒకటే దారి. సైటు వాళ్లకి ఎదురు జవాబు పంపాలి. అందులో మన అసలు పేరు, ఇంటి అడ్రసు రాయాలి, కోర్టుకి పిలిస్తే వస్తానని ఒప్పుకోవాలి. ఇచ్చిన గడువులో కంపెనీ కోర్టుకి వెళ్లకపోతే వీడియో తిరిగి పెడతారు. చాలామంది ఈ ఫారం దాకా వచ్చి, అడ్రసు రాయాల్సిన చోట భయపడి ఆగిపోతారు. ఆగిపోతారనే ఆ ఫారాన్ని అలా పెట్టారని నా అనుమానం. ఆ లోపల కూర్చుని పనిచేసేదాన్ని, ఆమాత్రం తెలియదా నాకు?

నేను టకటకా టైపు చేశాను: 'ఈ పాట మా నాన్నది. దీని మీద హక్కు మాది.' అమ్మ వెనక నిలబడి చదివింది.

"మాది అని రాయకు. వాళ్లది కాదు అని రాయి."

"రెండూ ఒకటే కదమ్మా!"

"ఒకటెట్లా అవుతుంది? ఆయన ఏనాడూ నాది అనలేదు. ఇప్పుడు నేనంటే నాకూ వాళ్లకీ తేడా ఏముంది?"

"నీ భక్తి చల్లగుండ! ఆ కాగితం కింద నాలుగక్షరాలు పేరు రాసుకుని ఉంటే ఈ తద్దినమంతా ఉండేదా?" అని అరిచాను. అరిచి ఏడ్చాను కూడా. నాన్న మీద కోపం, సంఘం మీద కోపం, ఆరో అంతస్తులో నేను నొక్కిన బటన్ల మీద కోపం, అన్నీ కలిసి అమ్మ మీద పడ్డాయి. అమ్మ నేను చల్లారేదాకా ఆగి, వేలితో తెర చూపించింది. చెరిపేసి, వాళ్లది కాదు అని రాశాను. ఎందుకు కాదో కూడా రాశాను. పది మంచాలు, వరండా, కేసు షీటు, అన్నీ. కింద అమ్మ తన పేరు ఇంటిపేరుతో సహా కొట్టించింది.

ఫారం వెళ్లిన రెండు రోజులకి ఆ వెన్న గొంతాయన మళ్లీ చేశాడు. ఈసారి వెన్న కాస్త గడ్డకట్టింది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"మేడమ్, మీరు అనవసరంగా కాంప్లికేట్ చేసుకుంటున్నారు. మా లీగల్ టీమ్ చాలా సీరియస్‌గా ఉంది."

"ఒక్కటి చెప్పండి సార్. మీ పాటలో పదకొండో మంచం అని ఉంది కదా. ఏంటది?"

"అదీ... బైబిల్లో పదకొండో గంట అని వస్తుంది కదండీ. అలాంటిదే... ఆధ్యాత్మికంగా."

అమ్మ ఫోన్ లాక్కుంది. "ఆధ్యాత్మికం కాదు బాబూ, ఇనప మంచం. నేనే ఈడ్చాను. దాని తుప్పు రేకు కోసుకుని నా ఎడమ చేతికి మూడు కుట్లు పడ్డాయి. మచ్చ ఇంకా ఉంది. వచ్చి చూసుకో."

"అమ్మగారూ, సెంటిమెంట్లు కోర్టులో నడవవండి."

"నడుస్తాయో లేదో కోర్టులోనే చూద్దాం రండి. జడ్జిగారు అడిగితే అక్కడా పాడతాను."

పెట్టేసింది.

గడువు తీరేదాకా లైవ్‌లో ఆ పాట జోలికి పోవద్దని వందసార్లు చెప్పాను. సరేనంది. ఆ బుధవారం పదకొండింటికి పప్పుల డబ్బాకి ఫోన్ ఆనించి, ప్రార్థన చేసి, కళ్లజోడు సర్దుకుని, "ఈ పాట పాడొద్దని నాకు ఉత్తరం వచ్చిందండి. అందుకని పాడుతున్నాను" అని మొదలుపెట్టింది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి పల్లవి అయిపోయింది. రెండో చరణం మధ్యలో తెర నల్లబడింది. పాటల్ని గుర్తుపట్టే సైటు యంత్రం పట్టేసింది. అమ్మకి తెలియలేదు, కళ్లు మూసుకుని పాడుతూనే ఉంది. భుజం మీద చెయ్యి వేసి చెప్పాను, ఆగిపోయిందమ్మా అని.

అంతలో ఫోన్ మోగింది. బాచుపల్లి నుంచి ఒక పెద్దమ్మ, తుంటి విరిగి మంచంలో ఉన్నావిడ. "ఏందమ్మా, గిట్ల మధ్యల బందయింది? నా ఫోన్ ఖరాబయిందా ఏంది?"

"నీ ఫోన్ కాదమ్మా. నా పాటే ఆపేశారు."

"ఎవడు వాడు ఆపేటోడు? నువ్వు ఫికర్ చెయ్యకు. జర విను." ఆవిడ ఆగిపోయిన చోటు నుంచి ఎత్తుకుంది. శ్రుతీ లేదు, తాళమూ లేదు, దమ్ము చాలక ప్రతి మాటకీ ఆగుతోంది. అమ్మ ఇవతల నుంచి కలిసింది. పాట పూర్తయ్యేదాకా ఇద్దరూ వదల్లేదు. ఇద్దరు మనుషులు ఫోన్లో పాడుకుంటే తీసెయ్ నొక్కడానికి ఎవడికీ బటన్ లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సాయంత్రానికి మూడో హెచ్చరిక వచ్చింది. చానెల్ మూసేశారు. దీనికీ అదే ఎదురు జవాబు పంపాను. ఆ తర్వాత బుధవారాల్లో అమ్మ పదకొండింటికి కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పాడింది. గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగి మళ్లీ పాడింది.

నేను ఆఫీసులో వీడియోలు మొత్తం చూడడం మొదలుపెట్టాను. ఒక పెళ్లి వీడియో వెనకాల పాట వినపడిందని ఫిర్యాదు. ఉంచు నొక్కి కారణం రాశాను. స్కూలు పిల్లల డాన్సు. ఉంచు. టీమ్ లీడ్ వచ్చి నా లెక్కలు చూపించాడు. "ఏందక్కా, గింత స్లో అయితే ఎట్ల? పైనోళ్లు నన్నడుగుతరు." అడిగితే నా దగ్గరికి పంపించమన్నాను. ఇంకా పంపించలేదు. ఉద్యోగం ఉన్నన్ని రోజులు ఇలాగే చేస్తాను.

రెండు గడువులూ తీరిపోయాయి. కంపెనీ కోర్టుకి పోలేదు. పదకొండో మంచం ఏంటని జడ్జి అడిగితే చెప్పేవాడు కావాలి కదా! ఒక మధ్యాహ్నం, నేను షిఫ్టుకి బయల్దేరుతుంటే, చానెల్ తిరిగొచ్చింది. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దగ్గి, "ఆఁ, మళ్లీ" అన్నాడు. అమ్మ ఆ ముక్క మూడుసార్లు వేయించుకుని వింది.

"ఇప్పుడైనా కింద నాన్న పేరు రాద్దామా?" అన్నాను.

"వద్దు. నేను చెప్పింది రాయి. ఈ పాట ఎవరైనా పాడుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు."

రాశాను. సేవ్ నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకో ముక్క. ఆ కంపెనీవాళ్లు కూడా పాడుకోవచ్చు అని రాయి."